పాత పడవ ట్రైలర్‌కు కొత్త యాక్సిల్ ఎంచుకోవడం ఎలా

పక్కన నిలబడి చూస్తే పాత యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే గొట్టం, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. దాని అసలు సంగతి తెలియాలంటే కిందికి దూరాలి. పడవను దించేసి, ట్రైలర్ కింద జాకీ స్టాండ్లు గట్టిగా పెట్టి, యాక్సిల్‌ను స్ప్రింగుకు బిగించే యూ బోల్టులు పట్టిన చోట సుత్తితో కొట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. లోపలి నుంచి తుప్పు తిన్న గొట్టం మొద్దుగా పలుకుతుంది, పెచ్చులు రాలుస్తుంది. ఉప్పు, బురద, తడి అన్నీ వచ్చి ఆగేది స్ప్రింగుకీ యాక్సిల్‌కీ మధ్య ఉండే ఆ సందులోనే. పడవ బరువంతా దిగేదీ అక్కడే. అందుకే పైన పెయింటు ఎంత మెరుస్తున్నా నమ్మకండి.

రెండో చోటు స్పిండిల్, అంటే చక్రం హబ్ ఎక్కి తిరిగే యాక్సిల్ కొస. హబ్ ఊడదీసి, పాత గ్రీజు శుభ్రంగా తుడిచి, ఆయిల్ సీల్ తిరిగే చోట గోరుతో అడ్డంగా గీకండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గాడి పడిందన్నమాట. ఎన్ని కొత్త సీళ్లు వేసినా ఆ గాడిలోంచి నీళ్లు లోపలికి వెళ్తూనే ఉంటాయి. బేరింగులు మార్చి కొన్ని నెలలు నెట్టుకురావచ్చు, కానీ యాక్సిల్ మార్చాల్సిన రోజు మాత్రం తప్పదు.

ఇవి చూస్తున్నప్పుడే స్ప్రింగులను ఫ్రేముకు పట్టే హ్యాంగర్లనూ చూడండి. అవి పలచబడి ఉంటే, లేదా ఫ్రేము గొట్టానికే కన్నాలు పడి ఉంటే, ముందు ఆ పని చూసుకోవాలి. చెదపట్టిన గుంజకు కొత్త తలుపు బిగించి లాభం లేదు.

"పాతదానిలాంటిదే ఇవ్వండి" అనకండి

చాలామంది చేసే పని ఇదే. నేనూ మొదటిసారి అదే చేశాను. పాత యాక్సిల్ ఊడదీసి, టేపు పెట్టి కొలిచి, అవే కొలతలతో కొత్తది తెప్పించాను. బిగించాక చూస్తే రెండు స్ప్రింగులూ లోపలికి ఒరిగాయి. కొత్తది కదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. సర్దుకోలేదు. ఒక్క సీజన్‌లోనే స్ప్రింగు చివర ఊగే షాకిల్ బుష్‌లు ఒకపక్కకు అరిగిపోయాయి, ఒక టైరు లోపలి అంచు నున్నగా అయిపోయింది. తర్వాత ఫ్రేము కొలిస్తే అసలు విషయం తెలిసింది. నాకన్నా ముందు ఎవరో వేరే ట్రైలర్ యాక్సిల్ తెచ్చి దానికి తగిలించారు. నేను ఆ తప్పునే మళ్లీ డబ్బు పెట్టి కొన్నాను.

పాత ట్రైలర్ చాలా చేతులు మారి ఉంటుంది. యాక్సిల్ వంగి ఉండొచ్చు, రిమ్ములు మార్చి ఉండొచ్చు, తర్వాత ఎవరో పెద్ద ఇంజన్ తగిలించి ఉండొచ్చు. కాబట్టి కొలత ఫ్రేము నుంచి తీయండి, బరువు తూకం నుంచి తీయండి. పాత యాక్సిల్‌ను ఆ రెండింటితో పోల్చి చూసుకోవడానికి మాత్రమే వాడండి. గొట్టం వెనక వైపు, మధ్యలో, తయారీదారు అంటించిన స్టిక్కరో రేకో ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి. అక్కడ సామర్థ్యం రాసి ఉంటుంది. పాత ట్రైలర్లలో అది చాలావరకు చెరిగిపోయే ఉంటుంది.

ముందు బరువు

పడవ కంపెనీ పుస్తకంలో ఇచ్చిన బరువు సాధారణంగా ఖాళీ పడవది. ఇంజన్, పెట్రోలు, బ్యాటరీలు, లంగరు, తాళ్లు అందులో ఉండవు. పైగా పాత పడవల్లో అడుగున నింపిన ఫోమ్ ఏళ్ల తరబడి నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. అది పుస్తకంలో ఎప్పటికీ కనిపించదు. అందుకే నా సలహా ఒక్కటే. నీటికి వెళ్లేటప్పుడు ఎలా సర్దుకుంటారో అచ్చం అలాగే సర్దుకుని, ట్యాంకు నింపి, వే బ్రిడ్జి మీదికి తీసుకెళ్లండి. ట్రైలర్‌ను బండి నుంచి విప్పి ఒకసారి మొత్తం తూచండి. తర్వాత బండికి తగిలించి, ట్రైలర్ చక్రాలు మాత్రమే తూకం మీద ఉండేలా ఇంకోసారి తూచండి. యాక్సిల్ మోయాల్సింది ఈ రెండో అంకె. రెండింటి మధ్య తేడా బండి కొక్కెం మీద పడే బరువు. పడవ ట్రైలర్లలో అది మొత్తంలో 5 నుంచి 10 శాతం మధ్య ఉండటం మంచిది. మరీ తక్కువైతే దారిలో ట్రైలర్ తోక ఊపుతుంది.

పాత యాక్సిల్ మీద తూకం దాకా లాగడం ప్రమాదం అనిపిస్తే లెక్క వేసుకోండి. ఉదాహరణకు పడవ 650 కిలోలు, ఇంజన్ 120, పెట్రోలు 80 లీటర్లు, బ్యాటరీ 25, సామాను 75, ట్రైలర్ 270 అనుకుందాం. పెట్రోలు లీటరుకు దాదాపు 0.75 కిలో, అంటే 60 కిలోలు. మొత్తం 1,200. ఇక్కడ కొక్కెం మీద పడే వాటాను తీసేయకండి. లెక్కలో మరిచిపోయిన సామానుకు అది సరిపోతుంది. దీనికి 20 శాతం కలిపితే 1,440 కిలోలు. మార్కెట్లో విరివిగా దొరికే 3,500 పౌండ్ల యాక్సిల్ దాదాపు 1,588 కిలోలు మోస్తుంది, కాబట్టి అది సరిపోతుంది. 2,000 పౌండ్లది, అంటే 907 కిలోలది, ఎంత చవగ్గా వచ్చినా ఈ పడవకు పనికిరాదు.

అలాగని "ఎందుకైనా మంచిది, ఇంకా పెద్దది వేద్దాం" అనుకోవడమూ సరికాదు. మరీ గట్టి స్ప్రింగులు వంగవు. గుంతలో పడ్డ ప్రతి దెబ్బా నేరుగా పడవ అడుగుకు తగులుతుంది. ఇంకో మాట. యాక్సిల్ మీద ఎంత రాసి ఉన్నా, టైరు, రిమ్ము, హబ్, స్ప్రింగు వీటిలో ఏది తక్కువ మోస్తుందో అదే మీ ట్రైలర్ సామర్థ్యం. పాత టైర్లు ఒక్కోటి 600 కిలోలవే అయితే, 1,588 కిలోల యాక్సిల్ వేసినా ఆ ట్రైలర్ 1,200 కిలోలకు మించి మోయదు.

ఇక టేపు తీయండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. యాక్సిల్ వచ్చాక "ఒక్క అంగుళం తేడా" అంటే వెనక్కి తీసుకునేవాళ్లు అరుదు. కొలతకు తగ్గట్టు కోసి తయారుచేసిన సరుకు అది.

మొదటి కొలత: ఎడమ స్ప్రింగు మధ్య నుంచి కుడి స్ప్రింగు మధ్యకు. దీన్ని యాక్సిల్ మీద కాదు, ఫ్రేముకు ఉన్న హ్యాంగర్ల మధ్య తీసుకోండి. ముందు హ్యాంగర్ల దగ్గర ఒకసారి, వెనక హ్యాంగర్ల దగ్గర ఒకసారి. రెండూ ఒకటే రావాలి. రాకపోతే ఫ్రేము గాని, హ్యాంగర్ గాని వంగింది. ఏది వంగిందో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

రెండో కొలత: ఒక హబ్ ముఖం నుంచి రెండో హబ్ ముఖానికి. హబ్ ముఖం అంటే రిమ్ము ఆనుకునే చదునైన తలం. బోల్టు కొసల నుంచి కాదు, గ్రీజు మూత నుంచి అసలే కాదు. పాత యాక్సిల్ మీద నమ్మకం లేకపోతే ఈ కొలతను మీరే తయారుచేసుకోవచ్చు. చక్రం ఎక్కడ నిలబడాలో నిర్ణయించుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టడమే. ఫ్రేము వెలుపలి అంచు నుంచి వెలుపలి అంచుకు 1,450 మిల్లీమీటర్లు ఉందనుకోండి. టైరు వెడల్పు 185. టైరుకూ ఫ్రేముకూ మధ్య ఒక్కో పక్క 30 సందు వదులుదాం. ఒక్కో పక్కకు 30, దానికి టైరులో సగం 92.5 కలిపితే 122.5. రెండు పక్కలకు 245. అంటే టైరు మధ్య నుంచి టైరు మధ్యకు 1,695 రావాలి. రిమ్ము ఆఫ్‌సెట్ సున్నా అయితే, అంటే అది హబ్‌కు ఆనుకునే తలం సరిగ్గా రిమ్ము మధ్య గీత మీదే ఉంటే, హబ్ ముఖాల మధ్య దూరం కూడా అదే. రిమ్ము ఆనుకునే తలం రిమ్ము మధ్య గీతకు వెలుపల ఉంటే, ఆ తేడాను రెండు పక్కలా ఈ అంకెకు కలపాలి. లోపల ఉంటే తీసేయాలి.

టైరు వెడల్పును దాని మీద రాసిన అంకె నుంచి తీసుకోకండి. గాలి నింపి, బరువు మోస్తున్న టైరును కొలవండి. కింద ఆనుకున్న చోట అది ఉబ్బుతుంది. తర్వాత మడ్‌గార్డు లోపలి అంచుకూ స్ప్రింగు పక్కకూ కూడా సందు ఉందో లేదో చూసుకోండి. టైరు పైభాగానికీ మడ్‌గార్డుకూ మధ్య 75 మిల్లీమీటర్లు ఉంటే గుంతల్లో రాసుకోదు.

ఈ రెండు కొలతల మధ్య తేడా కూడా ముఖ్యమే. స్ప్రింగులు బాగా లోపలికి, చక్రాలు బాగా బయటికి ఉంటే యాక్సిల్ చివరలు ఎక్కువ పొడవున వేలాడుతూ బరువు మోస్తాయి, గొట్టం మీద వంగే ఒత్తిడి పెరుగుతుంది. మీ అంకెలు అలా వస్తే అమ్మేవారితో ఆ మాట చెప్పి, ఆ పొడవుకు సామర్థ్యం అంతే ఉంటుందా అని అడగండి.

మూడోది పడవ అడుగు. చాలా పడవల అడుగు మధ్యలో కిందికి దిగి ఉంటుంది. వంపు లేని నిటారు యాక్సిల్ వేస్తే, స్ప్రింగులు నొక్కుకున్నప్పుడు గొట్టం వెళ్లి అడుగుకు తగలొచ్చు. పడవ ట్రైలర్ మీద ఉండగా, ఫ్రేము కింది అంచు నుంచి పడవ అడుగులో అన్నిటికన్నా దిగువ బిందువు దాకా కొలిచి పెట్టుకోండి. పాత యాక్సిల్ మధ్యలో వీ ఆకారంలో వంచి ఉంటే ఎవరో దీనికోసమే వంచారు. చవగ్గా దొరికిందని దాని స్థానంలో నిటారుది వేయకండి.

యాక్సిల్ స్ప్రింగు మీద ఉందా, కింద ఉందా కూడా రాసుకోండి. ఇప్పుడున్నదాన్ని తిరగేస్తే ట్రైలర్ ఎత్తు గొట్టం మందం, స్ప్రింగు కట్ట మందం కలిపినంత మారిపోతుంది. ఎత్తు పెరిగితే పడవ తేలడానికి ట్రైలర్‌ను ఇంకా లోతుకు దింపాలి. నీటి ఒడ్డున ఆ కొన్ని అంగుళాలు చాలా ఇబ్బంది పెడతాయి.

కమాను కట్టా, రబ్బరు యాక్సిలా

లీఫ్ స్ప్రింగులు, అంటే కమాను కట్టలు, చవక. ఒక పట్టీ విరిగితే కట్ట ఒక్కటే మార్చుకోవచ్చు. నష్టం ఏమిటంటే పట్టీల మధ్య ఉప్పునీరు నిలిచి తుప్పు పడుతుంది. టార్షన్ యాక్సిల్‌లో స్ప్రింగులు ఉండవు. చదరపు గొట్టం లోపల రబ్బరు కడ్డీలు నొక్కుకుంటూ కుదుపును పీల్చుకుంటాయి. ప్రయాణం మెత్తగా ఉంటుంది, ఊడిపోయే భాగాలు తక్కువ. కానీ లోపలి రబ్బరు అలసిపోతే బాగుచేయడం ఉండదు, యాక్సిల్ మొత్తం మార్చాల్సిందే. దాని గొట్టం మీద వెల్డింగ్ చేస్తే వేడికి రబ్బరు చెడిపోతుంది.

పాత ట్రైలర్‌కు ఇప్పటికే కమాన్లు ఉండి, హ్యాంగర్లు గట్టిగా ఉంటే నేను కమాన్లతోనే కొనసాగమంటాను. టార్షన్‌కు మారాలంటే ఫ్రేముకు వేరే బ్రాకెట్లు కావాలి. చక్రాన్ని పట్టి ఉండే చేయి ఏ కోణంలో మొదలవ్వాలో, దానివల్ల ఎత్తు ఎంత మారుతుందో మళ్లీ లెక్క వేయాలి. రెండు యాక్సిళ్ల ట్రైలర్ అయితే ఇంకో చిక్కు ఉంది. కమాన్ల మధ్య ఉండే ఈక్వలైజర్ రెండు యాక్సిళ్లకూ బరువు పంచుతుంది. టార్షన్‌లో అది ఉండదు. ట్రైలర్ ముందుకో వెనక్కో వాలి నిలబడితే ఒక యాక్సిల్ మీదే ఎక్కువ భారం పడుతుంది. టార్షన్ యాక్సిల్ ఇప్పటికే ఉన్నవాళ్లు అదే రకం కొనేటప్పుడు చేయి కోణాన్ని, రెండు బ్రాకెట్ల వెలుపలి అంచుల మధ్య దూరాన్ని తప్పకుండా రాసి ఇవ్వండి.

గొట్టం గుండ్రమా, చదరమా అన్నది మీ యూ బోల్టులను బట్టి, స్ప్రింగు కూర్చునే పీఠాన్ని బట్టి ఉంటుంది. గుండ్రటి గొట్టానికి పీఠం వెల్డింగ్ చేసి ఉండాలి. దాన్ని మీ స్ప్రింగు కొలతకే వెల్డ్ చేయించి, ఆ తర్వాతే జింక్ పూత వేయించమని అడగండి. పూత వేశాక వెల్డింగ్ పెడితే సరిగ్గా తుప్పు మొదలయ్యే చోటే పూత కాలిపోతుంది. పైగా జింక్ పొగ పీలిస్తే చలిజ్వరం వచ్చినట్టు ఒళ్లంతా వణుకుతుంది.

నీళ్లలో మునిగేదాని మీదే డబ్బు పెట్టండి

సముద్రంలోకో, ఉప్పునీటి కాలువలోకో దించే ట్రైలర్ అయితే హాట్ డిప్ గాల్వనైజ్డ్ యాక్సిలే తీసుకోండి. దాన్ని దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన జింక్‌లో ముంచి తీస్తారు, కాబట్టి పూత మందంగా పడుతుంది, గొట్టం లోపలికి కూడా వెళ్తుంది. "జింక్ వేశాం" అని చెప్పే మెరిసే ఎలక్ట్రోప్లేటింగ్ వేరు. అది చాలా పలచన. మచ్చమచ్చగా, కాస్త బూడిద రంగులో, గరుకుగా ఉన్నది హాట్ డిప్. నున్నగా తళతళలాడేది ప్లేటింగ్. మంచినీటి చెరువులు, నదులకే వెళ్లే పడవైతే పెయింటు వేసిన యాక్సిల్ కూడా చాలాకాలం వస్తుంది. అయినా యూ బోల్టులు, నట్లు మాత్రం గాల్వనైజ్డ్‌వే వేయండి. పాత యూ బోల్టులు ఎంత బాగున్నట్టు కనిపించినా మళ్లీ వాడకండి. ఒకసారి బిగించి సాగిన మరలు అవి.

హబ్ సంగతి ఇంకా ముఖ్యం. దూరం నుంచి లాక్కొచ్చిన ట్రైలర్ హబ్ వేడిగా ఉంటుంది. అదే ఊపులో చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, సీల్ సందులోంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. బేరింగులు పాడవడానికి పెద్ద కారణం ఇదే. అందుకే హబ్‌లో గ్రీజు ఖాళీ లేకుండా నిండి ఉండాలి, స్ప్రింగు ఒత్తిడితో గ్రీజును నెడుతూ ఉండే మూత వేయాలి. గ్రీజు మరీ ఎక్కువ కొట్టినా వెనక సీల్ బయటికి తోసుకొస్తుంది, బ్రేకులుంటే వాటి మీద పడుతుంది. నీళ్ల దగ్గరికి చేరాక కాసేపు ఆగి, హబ్ మీద చేయి పెట్టి, వేడి తగ్గిందనిపించాకే దించండి. యాక్సిల్ ఎంత మంచిదైనా ఈ ఓపిక లేకపోతే ఎక్కువకాలం నిలవదు.

బేరింగుల నంబర్లు పాతవాటి మీద చెక్కి ఉంటాయి. 3,500 పౌండ్ల యాక్సిళ్లలో లోపలివైపు ఎల్ 68149, బయటివైపు ఎల్ 44649 చాలా మామూలు. రెండు వైపులా ఎల్ 44649 ఉండే, పొడవునా ఒకే మందం ఉన్న నిటారు స్పిండిళ్లూ ఉన్నాయి. కొత్త యాక్సిల్‌లో ఎక్కడైనా దొరికే నంబర్లే ఉండాలని పట్టుబట్టండి. దారిలో హబ్ ఆగిపోయినప్పుడు అరుదైన బేరింగు కోసం వెతకడం చాలా టెన్షన్. ఒక హబ్‌కు సరిపడా బేరింగులు, సీలు, స్ప్లిట్ పిన్ను ఎప్పుడూ బండిలో పెట్టుకోండి.

రిమ్ము బోల్టుల కొలత విషయంలో జాగ్రత్త. నాలుగు లేదా ఆరు బోల్టులైతే ఎదురెదురు బోల్టుల మధ్యకు మధ్య కొలిస్తే చాలు. ఐదు బోల్టులకు ఎదురు ఉండదు. పక్కపక్క రెండు బోల్టుల మధ్య దూరాన్ని కాలిపర్‌తో కొలిచి 1.701తో గుణించండి. 67.2 మిల్లీమీటర్లు వస్తే అది 114.3, అంటే బాగా వాడుకలో ఉన్న నాలుగున్నర అంగుళాల వలయం. నాలుగుముప్పావు అంగుళాలది కూడా ఉంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రిమ్ము మాత్రం ఎక్కదు.

బ్రేకులు

ఎంత బరువు దాటితే ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మీ దగ్గరి నిబంధన చూసుకుని, యాక్సిల్ చెప్పేటప్పుడే బ్రేకు ఫ్లాంజి, అంటే బ్రేకు ప్లేటును బిగించే కన్నాల రేకు, వేయించుకోండి. ఇప్పుడు బ్రేకులు అవసరం లేకపోయినా ఫ్లాంజి ఉన్నదే తీసుకోవడం మంచిది. తర్వాత వెల్డ్ చేయించడం పెద్ద పని. ఫ్లాంజికి ఎన్ని కన్నాలు, వాటి మధ్య దూరం ఎంత అన్నది మీ బ్రేకు ప్లేటుతో సరిపోవాలి. నీటిలో మునిగే ట్రైలర్‌కు కరెంటు డ్రమ్ము బ్రేకులు నేను వేయను. హైడ్రాలిక్ డిస్కు బ్రేకులను నీళ్లతో కడగడం తేలిక, త్వరగా ఆరతాయి. ట్రైలర్ తోపుతో పనిచేసే సర్జ్ కప్లర్‌కు డిస్కులు వేస్తే, వెనక్కి నడిపేటప్పుడు బ్రేకు పట్టకుండా ఆపే ఏర్పాటు కూడా ఉండాలి.

ఆర్డరు ఇచ్చే ముందు, ఇచ్చాక

అన్నీ ఒకే కాగితం మీద రాయండి: సామర్థ్యం, స్ప్రింగు మధ్యల దూరం, హబ్ ముఖాల దూరం, గొట్టం ఆకారం, నిటారా వంపా, పూత రకం, బోల్టుల వలయం, బేరింగు నంబర్లు, బ్రేకు ఫ్లాంజి. మర్నాడు ఉదయం ఆ కాగితం చూడకుండా మళ్లీ ఒకసారి కొలిచి పోల్చండి. వీలైతే రెండోసారి వేరేవాళ్లతో కొలిపించండి.

సరుకు రాగానే, బిగించకముందే టేపు పెట్టండి. చాలా యాక్సిళ్లు మధ్యలో కొద్దిగా పైకి విల్లులా వంగి వస్తాయి. అది లోపం కాదు. బరువు పడ్డాక చక్రాలు నిటారుగా నిలబడటానికి అలా చేస్తారు. వంపు పైకి ఉండేలా బిగించాలి. తిరగేసి పెడితే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి.

పాత యాక్సిల్ ఊడదీసే ముందు అది ఫ్రేము మీద ఎక్కడ ఉందో గీత పెట్టుకోండి. యాక్సిల్ ముందుకో వెనక్కో జరిగితే కొక్కెం మీద బరువు మారిపోతుంది. బిగించేటప్పుడు యూ బోల్టులు పూర్తిగా బిగించకుండా, ముందు కొక్కెం మధ్య బిందువు నుంచి యాక్సిల్ రెండు చివరలకూ సాగని తీగతోనో స్టీలు టేపుతోనో కొలవండి. తేడా 3 మిల్లీమీటర్లకు మించకూడదు. సరిచేశాక నట్లను ఒకటి విడిచి ఒకటిగా, కొద్దికొద్దిగా బిగించండి.

మొదటి ప్రయాణం పడవ లేకుండా చేయండి. ఒక 15 కిలోమీటర్లు వెళ్లి ఆగి, రెండు హబ్‌ల మీదా చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే దాని బేరింగు నట్టు మరీ బిగుసుకుంది. చక్రం నట్లను టార్క్ రెంచితో 15 కిలోమీటర్ల దగ్గర, 40 దగ్గర, 80 దగ్గర మళ్లీ సరిచూడండి. యూ బోల్టులను పడవ ఎక్కించి తిరిగొచ్చిన మొదటి రోజు సాయంత్రం ఇంకోసారి బిగించండి. కొత్త పూత నలిగి, అప్పటికి అవి తప్పకుండా కొంత వదులై ఉంటాయి.